దురదే కదా అని ఊరుకోకండి!
గర్భిణులకు వచ్చే దురదలు, దద్దుర్లు – ఏవి మామూలు, ఏవి ప్రమాదం



గర్భిణుల ఓ.పి. రోజున ఎనిమిదో నెల నిండబోతున్న ఒక అమ్మాయి తన తల్లితో కలిసి మా దగ్గరికి వచ్చింది. బరువు చూశాం, బి.పి. చూశాం, బిడ్డ గుండె చప్పుడు విన్నాం. అన్నీ బాగానే ఉన్నాయి. కార్డు తీసుకుని లేవబోతుండగా ఆ తల్లి, "సిస్టరుగారూ, ఒక మాట చెప్పడం మరిచాను. పది రోజులుగా పిల్లకి రాత్రిళ్ళు నిద్ర లేదు. ఒకటే గోక్కుంటోంది. వేడి చేసిందని మజ్జిగ తాగిస్తున్నాం" అన్నది. అమ్మాయి సిగ్గుపడి, "ఏం లేదు సిస్టరుగారూ, దురదే కదా" అన్నది.

చేతులు చూపించమన్నాం. అరచేతుల్లో ఒక్క పొక్కు లేదు, ఒక్క దద్దురు లేదు. గోళ్ళతో గీరుకున్న గీతలు మాత్రం ఉన్నాయి. అరికాళ్ళు కూడా అంతే. ఆ అమ్మాయిని ఇంటికి పంపకుండా వెనక్కి కూర్చోబెట్టి డాక్టరమ్మకు చూపించాం. అదే రోజు రక్తం తీశాం. ఎందుకో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

గర్భవతిగా ఉన్నప్పుడు దురద చాలామందికి వస్తుంది. అందులో ఎక్కువ భాగం తల్లికీ బిడ్డకూ హాని చేయనిదే. కానీ కొద్దిమందిలో ఆ దురద చర్మం నుంచి కాక కాలేయం నుంచి, అంటే లివర్ నుంచి వస్తుంది. అప్పుడు దాన్ని పట్టించుకోకపోతే కడుపులోని బిడ్డకు ముప్పు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ప్రతి ఇంట్లోనూ అత్తలకు, అమ్మలకు, భర్తలకు ఇది తెలిసి ఉండాలని మా కోరిక.

మామూలు దురద ఎందుకు వస్తుంది?

నెలలు నిండే కొద్దీ పొట్ట మీది చర్మం సాగుతుంది. పొడిబారుతుంది. చెమట ఎక్కువ పడుతుంది. దానికి తోడు మన ఎండాకాలం. మెడ మీద, రొమ్ముల కింద, తొడల మధ్య చెమటకాయలు వస్తాయి. ఇవన్నీ ఇబ్బందే గాని జబ్బులు కావు.

వీటికి ఇంట్లోనే చేసుకోదగిన ఉపశమనాలు ఇవి:

1. మరీ వేడి నీళ్ళు పోసుకోవద్దు. వేడి నీళ్ళు పోసుకున్నప్పుడు హాయిగా ఉన్నా తరువాత చర్మం ఇంకా పొడిబారి దురద పెరుగుతుంది. చన్నీళ్ళు గాని గోరువెచ్చని నీళ్ళు గాని చాలు.

2. స్నానం కాగానే ఒళ్ళు కొంచెం తడిగా ఉండగానే కొబ్బరి నూనె పలుచగా రాసుకోండి. సబ్బు తగ్గించండి. సున్నిపిండితో గట్టిగా రుద్దవద్దు.

3. వదులుగా ఉండే నూలు బట్టలు కట్టుకోండి. సిల్కు, నైలాన్ చీరలు పక్కన పెట్టండి.

4. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. దురద పుట్టిన చోట గోకకుండా తడి గుడ్డ వేసి అద్దండి. కాలమైన్ లోషన్ పూసుకోవచ్చు.

వేపాకు, పసుపు ముద్ద నూరి పూయడం మన ఇళ్ళలో అలవాటు. గీరుకుని చర్మం చిట్లిన చోట పూస్తే మంట, పుండు ఎక్కువయ్యే అవకాశం ఉంది. కడుపుతో ఉన్నవారు పసరులు, వేప నూనె లోపలికి తీసుకోవద్దు.

దద్దుర్లతో కూడిన దురదలు

దురదతో పాటు చర్మం మీద ఏదైనా కనబడుతుంటే అది ఏ నెలలో మొదలైంది, ఒంటి మీద ఎక్కడ మొదలైంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి. డాక్టరు గారికి సగం దారి దొరుకుతుంది.

మొదటి ఆరు నెలల్లోనే మెడ, మోచేతి మడతలు, మోకాలి వెనుక భాగాల్లో ఎర్రగా, గరుకుగా దురద వస్తే అది చాలావరకు ఎగ్జిమా జాతిది. చిన్నతనంలో ఉబ్బసం, తుమ్ములు, ఎగ్జిమా ఉన్నవారిలోనూ, అలాంటి కుటుంబాల్లోనూ ఎక్కువ. గర్భిణుల్లో కనిపించే దద్దుర్లలో ఇదే అందరికంటే ఎక్కువ. బిడ్డకు హాని లేదు.

చివరి నెలల్లో పొట్ట మీది చారల్లో ఎర్రటి దద్దుర్లు మొదలై తొడలకు, చేతులకు పాకితే అది మరో రకం. ఇది తొలిచూలు వారికి, కవలలు ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది. బొడ్డు చుట్టూ మాత్రం సాధారణంగా రాదు. చూడటానికి భయం గొలిపేలా ఉంటుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. అయినా బిడ్డకు ఏమీ కాదు. కాన్పు అయిన కొద్ది వారాల్లో మచ్చ లేకుండా పోతుంది.

దీనికి విరుద్ధంగా బొడ్డు దగ్గరే దద్దుర్లు మొదలై, తరువాత నీటి బొబ్బలుగా మారితే ఆలస్యం చేయకుండా రావాలి. ఇది చాలా అరుదు. కానీ ఇందులో నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం జరగవచ్చు. సుమారు పది మంది బిడ్డల్లో ఒకరికి ఒంటి మీద బొబ్బలు కనిపించి కొద్ది వారాల్లో వాటంతట అవే మానిపోతాయి. ఈ జబ్బుకు డాక్టర్ల పర్యవేక్షణలో స్టెరాయిడ్ మందులు అవసరమవుతాయి.

గజ్జి, తామర – చెప్పడానికి సిగ్గుపడకండి

మా దగ్గరికి వచ్చే దురదల్లో గజ్జి, తామర కూడా ఉంటాయి. గజ్జి అంటే శుభ్రత లేనివారి జబ్బు అని అందరూ అనుకుంటారు గనుక కోడళ్ళు అత్తగారింట చెప్పుకోలేక దాచుకుంటారు. గజ్జి పురుగు మనిషి నుంచి మనిషికి అంటుకునేదే. ఎవరికైనా రావచ్చు. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న చిన్న పొక్కులు వచ్చి, రాత్రి పక్క మీదికి చేరగానే దురద పెరుగుతుంది. ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటూ ఉంటారు.

దీనికి పర్మెత్రిన్ 5 శాతం క్రీము గర్భిణులు కూడా వాడదగిన మందు. డాక్టరు రాసిచ్చాక మెడ నుంచి కాలి గోళ్ళ దాకా రాత్రి పూట రాసుకుని, ఉదయం స్నానం చేయాలి. వారం తరువాత మరొకసారి రాయాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట: ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి రాసుకోవాలి. చిన్నపిల్లలకు ఎలా రాయాలో అడిగి తెలుసుకోండి. బట్టలు, దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఒక్కరే రాసుకుంటే మళ్ళీ ఆ ఇంట్లోవారి నుంచే అంటుకుంటుంది. పురుగు చచ్చిన తరువాత కూడా రెండు మూడు వారాలు దురద ఉండవచ్చు. అది చూసి మందు పనిచేయలేదని పదే పదే రాయకండి.

తామర విషయంలో మేము చూసే పెద్ద పొరపాటు మందుల షాపులో నోటితో అడిగి తెచ్చుకునే క్రీములు. మూడు నాలుగు మందులు కలిపిన ఈ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులకు దురద ఆగుతుంది, ఎరుపు తగ్గుతుంది. కానీ తామర లోపల లోపల పాకి, ఆపగానే రెట్టింపు వస్తుంది. చర్మం పలచబడుతుంది. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా అడిగేవారు ఉన్నంతకాలం అమ్మేవారు ఉంటారు. గర్భిణులు గాఢమైన స్టెరాయిడ్ క్రీములను ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే బిడ్డ బరువు తగ్గే అవకాశం ఉంది. డాక్టరు చూసి, ఎంత రాయాలో ఎన్నాళ్ళు రాయాలో చెప్పి ఇచ్చిన మందుకు మాత్రం భయపడనవసరం లేదు.

ఒంటి నిండా నీటి పొక్కులు, జ్వరం కలిసి వస్తే అది ఆటలమ్మ కావచ్చు. అమ్మవారు పోసిందని ఇంట్లో ఉంచకండి. గర్భిణులకు ఇది ఊపిరితిత్తుల దాకా వెళ్ళగలదు, కాన్పు దగ్గరలో వస్తే పుట్టే బిడ్డకూ ప్రమాదం. మొదటి రోజే ఇచ్చే మందు ఎక్కువ మేలు చేస్తుంది. వచ్చేముందు ఫోను చేయండి. లేదా గేటు దగ్గరే చెప్పండి. మిగతా గర్భిణుల మధ్య కూర్చోకుండా వేరే చోట చూస్తాం.

పొక్కు లేని దురద – ఇదే జాగ్రత్తగా చదవండి

ఇప్పుడు మొదట చెప్పిన అమ్మాయి విషయానికి వద్దాం. ఆమె ఒంటి మీద ఏమీ లేదు. దురద మాత్రం అరచేతుల్లో, అరికాళ్ళలో మొదలైంది. రాత్రిళ్ళు ఎక్కువ. ఏడో నెల దాటాక వచ్చింది. ఈ గుర్తులన్నీ కలిస్తే మేము కాలేయాన్ని అనుమానిస్తాం.

మనం తిన్న కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరసాన్ని తయారు చేసి పేగుల్లోకి పంపుతుంది. గర్భిణుల్లో పెరిగే హార్మోన్ల వల్ల కొందరిలో ఈ ప్రవాహం మందగిస్తుంది. పేగుల్లోకి వెళ్ళవలసిన పైత్యరసపు ఆమ్లాలు రక్తంలోకి చేరతాయి. దానితోనే ఈ దురద. డాక్టర్లు దీన్ని కొలెస్టేసిస్ అంటారు. తల్లికి నిద్ర లేకపోవడం తప్ప పెద్ద హాని ఉండకపోవచ్చు. కానీ ఆ ఆమ్లాలు రక్తంలో బాగా పెరిగితే కడుపులో బిడ్డ హఠాత్తుగా చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. నెలలు నిండకముందే నొప్పులు రావడం, బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేయడం కూడా జరుగుతాయి.

ఇది మనవారిలో కొంచెం ఎక్కువ. బ్రిటన్‌లో మొత్తం మీద వెయ్యి మంది గర్భిణుల్లో సుమారు 7 మందికి వస్తుంటే, అక్కడి భారతీయ, పాకిస్తానీ మూలాల స్త్రీలలో 12 నుంచి 15 మందికి వస్తున్నట్టు లెక్కలు ఉన్నాయి. తల్లికో అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉంటే, కడుపులో కవలలుంటే, అవకాశం ఇంకా ఎక్కువ.

పరీక్ష ఎలా చేస్తారు?

రక్త పరీక్షే. ఎస్.జి.పి.టి. వంటి కాలేయ పరీక్షలతో పాటు బైల్ యాసిడ్స్ అనే పరీక్ష చేయించాలి. దీనికి పరగడుపున రావలసిన పని లేదు. చిన్న ఊళ్ళలో ఈ పరీక్ష జరగకపోతే రక్తం పెద్ద ల్యాబుకు పంపుతారు. మొదటిసారి మామూలుగా వచ్చినా దురద అలాగే ఉంటే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చేయించాలి. దురద ముందు వచ్చి, రక్తంలో మార్పు తరువాత కనబడటం ఉంది.

5,000 మందికి పైగా ఇలాంటి గర్భిణుల వివరాలను కలిపి చూసిన ఒక పెద్ద పరిశోధన 2019లో ప్రచురితమైంది. కడుపులో ఒకే బిడ్డ ఉన్నవారిలో ఈ ఆమ్లాలు లీటరుకు 40 మైక్రోమోల్స్ లోపు ఉంటే బిడ్డ కడుపులో చనిపోవడం వెయ్యికి ఒకటి రెండు మాత్రమే. 40 నుంచి 99 మధ్య ఉంటే వెయ్యికి సుమారు మూడు. 100 గాని అంతకు మించి గాని ఉంటే వందకు మూడు నాలుగు. అంటే ఈ జబ్బు వచ్చిన ప్రతివారూ హడలిపోనవసరం లేదు. కానీ మనం ఏ వరుసలో ఉన్నామో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. దురద ఎంత ఉందో చూసి చెప్పలేం.

కాన్పు ఎప్పుడు అన్నది కూడా ఈ అంకెను బట్టే నిర్ణయిస్తారు. 100 దాటితే 35, 36 వారాలకే, 40 నుంచి 99 ఉంటే 38, 39 వారాలకు కాన్పు చేయించడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. తక్కువగా ఉంటే 40 వారాల దాకా ఆగవచ్చు. బి.పి., షుగరు, కవలలు ఉంటే లెక్క మారుతుంది. ముందుగా కాన్పు అంటే తప్పకుండా ఆపరేషనే అని కాదు. నొప్పులు తెప్పించి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు.

అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ అనే మాత్రలు కొందరికి రాస్తారు. వీటి గురించి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బ్రిటన్‌లో 605 మంది గర్భిణులతో చేసి 2019లో వెల్లడించిన పరిశోధనలో ఈ మాత్రల వల్ల దురద కొంచెం తగ్గింది గాని బిడ్డకు ఉన్న ప్రమాదం తగ్గినట్టు తేలలేదు. కాబట్టి "మాత్ర వేసుకుంటున్నాం, దురద తగ్గింది" అని రక్త పరీక్షలు, చెకప్‌లు మానకండి.

పచ్చకామెర్లకు పసరు వద్దు

దురదతో పాటు కళ్ళు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే, మలం తెల్లగా పాలిపోతే మన పల్లెల్లో వెంటనే పసరు మందుకో, చేతి మీద వాత పెట్టించడానికో బయలుదేరుతారు. గర్భిణి విషయంలో ఇది ప్రాణాలతో చెలగాటం. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఈ అనే కామెర్లు చివరి నెలల్లో తల్లి ప్రాణాన్నే తీయగలవు. ఏ రకం కామెర్లో తెలుసుకోవడానికి ఆసుపత్రి తప్ప వేరే దారి లేదు.

తిండి మాన్పించవద్దు

దురద అనగానే ఇంట్లో పెద్దలు ముందు వంకాయ మాన్పిస్తారు, తరువాత గోంగూర, తరువాత చేప, గుడ్డు. చివరికి ఆ తల్లికి చారు అన్నం మిగులుతుంది. ఏదైనా తిన్న ప్రతిసారీ దద్దుర్లు వస్తుంటే అది మానాలి, నిజమే. కాని పైన చెప్పిన దురదలు కూరల వల్ల వచ్చేవి కావు. తిండి తగ్గిస్తే దురద తగ్గదు. తల్లికి రక్తం తగ్గుతుంది, బిడ్డకు బరువు తగ్గుతుంది.

పుట్టింటికి వెళ్ళేటప్పుడు

ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్ళడం మన ఆచారం. ఈ దురద మొదలయ్యేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అక్కడ డాక్టరు కొత్త, ఇక్కడ చెప్పినది అక్కడ తెలియదు. కాబట్టి తల్లీబిడ్డల కార్డు, రక్త పరీక్షల కాగితాలు, స్కానింగులు అన్నీ ఒక సంచిలో పెట్టి వెంట పంపండి. పోయిన కాన్పులో ఇలాంటి దురద వచ్చి ఉంటే ఈసారి మొదటి చెకప్‌లోనే చెప్పండి. ఒకసారి వచ్చినవారిలో చాలామందికి మళ్ళీ వస్తుంది.

వెంటనే రావలసిన గుర్తులు

1. ఒంటి మీద పొక్కులేమీ లేకుండా దురద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో, రాత్రిళ్ళు ఎక్కువగా.
2. కళ్ళు పచ్చబడటం, ముదురు మూత్రం, పాలిపోయిన మలం.
3. బొడ్డు చుట్టూ మొదలైన దద్దుర్లు, నీటి బొబ్బలు.
4. జ్వరంతో కూడిన పొక్కులు.
5. తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం వాపు.
6. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం. దీనికి మరునాటి దాకా ఆగవద్దు. రాత్రయినా బయలుదేరండి, బండి లేకపోతే 108కి ఫోను చేయండి.

పాఠకుల సందేహాలు

"కడుపులో బిడ్డకు జుట్టు పెరుగుతుంటే పొట్ట దురద పెడుతుందంటారు. నిజమేనా?"
కాదు. బిడ్డ ఉమ్మనీటి సంచిలో ఉంటుంది. దాని జుట్టు మీ చర్మానికి తగిలే వీలే లేదు.

"దురదకు ఇంట్లో ఉన్న అలెర్జీ మాత్ర వేసుకోవచ్చా?"
గర్భిణులు వేసుకోదగిన మాత్రలు ఉన్నాయి. కాని ముందు దురద ఎందుకో చూపించుకోండి. మాత్ర మత్తులో నిద్ర పడితే అసలు జబ్బు కనబడకుండా పోతుంది.

"కాన్పు తరువాత కొలెస్టేసిస్ ఉంటుందా? పాలు ఇవ్వవచ్చా?"
కాన్పు అయిన కొద్ది రోజుల్లోనే దురద తగ్గిపోతుంది. పాలు నిశ్చింతగా ఇవ్వండి. నెల దాటాక ఒకసారి రక్త పరీక్ష చేయించి కాలేయం మామూలు స్థితికి వచ్చిందో లేదో చూసుకోవాలి. పిల్లలు కలగకుండా మాత్రలు వాడదలచుకుంటే ఈ జబ్బు వచ్చిందని ముందే చెప్పండి.

ఆ అమ్మాయి సంగతి

రక్త పరీక్ష వచ్చింది. బైల్ యాసిడ్స్ 62. ఆ తల్లి మొదట నమ్మలేదు. "ఒంటి మీద ఏమీ లేదు కదమ్మా!" అని డాక్టరమ్మను పదే పదే అడిగింది. కాగితం మీద కాలేయం బొమ్మ గీసి చూపించారు. అప్పటి నుంచి ప్రతి వారం వచ్చారు, ప్రతిసారీ రక్తం ఇచ్చారు. 38 వారాలు నిండాక చేర్చుకుని నొప్పులు తెప్పించాం. ఆడపిల్ల పుట్టింది, ఏడుపుతోనే పుట్టింది. మూడో రోజు వార్డులోకి వెళితే అమ్మాయి హాయిగా నిద్రపోతూ కనిపించింది.

అందరి విషయంలోనూ ఇలా జరగదు. దురదను ఇంట్లోనే భరించి, బిడ్డ కదలడం లేదని వచ్చిన తల్లులనూ మేము చూశాం. స్కానింగు గదిలో వారికి చెప్పవలసి వచ్చిన మాట మేము మరచిపోలేం. వారిలో ఒకామె, "దురద గురించి మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నది. అప్పటి నుంచి ఏడో నెల దాటిన ప్రతి గర్భిణినీ, బి.పి. చూసేటప్పుడే, "అరచేతులు దురద పెడుతున్నాయా అమ్మా?" అని అడుగుతున్నాం.

మేము అడగడం మరిచినా మీరు చెప్పండి. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని, సంఘంలో గాని గర్భవతి ఉంటే ఈ కాగితం చదివి వినిపించి, ఆమె చేతికి ఇవ్వండి. ఎంత చిన్న దురదయినా చూపించుకోవడానికి వస్తే మా ఓ.పి.లో ఎవరూ నవ్వరు.